షోకేసులో దాచిన తూటాలు

సొంత గేటులోంచి సొంత స్కూటర్ బయటికి తీయడానికి ఇంకొకడి దయ కావలసిరావడం కన్నా పెద్ద అవమానం మధ్యతరగతి మనిషికి లేదు. ఎదురింటి తిమ్మప్ప కారు కొన్నాడు. కొన్నాడు గానీ నడపడు. నడిపితే పాతబడుతుందని భయం. ఆదివారం ఆదివారం తొడుగు తీసి, తుడిచి, మళ్ళీ తొడుగు వేసి, నేత్రావతి గేటుకు అడ్డంగా పెట్టి, రెండే నిమిషాలమ్మా అని లోపలికి పోతాడు. ఆ రెండు నిమిషాలు మొదలై నెలన్నర అయింది.

ఆ పొద్దున బెల్లు కొడితే తిమ్మప్ప భార్య తలుపు సందులోంచి, ఆయన పూజలో ఉన్నారనీ, పూజ అయ్యేదాకా తాళంచెవి ముట్టరనీ చెప్పింది. హత్య కేసండీ అని చెప్పినా లాభం లేకపోయింది. చచ్చినవాళ్ళు ఎక్కడికీ పోరు, దేవుడైతే ఆలస్యానికి కోపం చేసుకుంటాడని ఆవిడ నమ్మకం. నేత్రావతి నడిచే బయలుదేరింది.

నేత్రావతి బంగారు గనుల ఊరు కె.జి.ఎఫ్.లో ప్రైవేటు డిటెక్టివ్. బోర్డు అట్లా ఉంటుంది గానీ, వచ్చే కేసుల్లో ముప్పాతిక భాగం పెళ్ళికొడుకు నిజంగానే బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడా అన్నవే. అంతకు ముందు పోలీసు ఆయుధాగారంలో ఏళ్ళ తరబడి తుపాకులు తుడిచి, తుడవడం రానివాళ్ళకు నేర్పి, ముందుగానే పదవీ విరమణ తీసుకుంది. అందుకే నిన్న రాత్రి సుగటూరు నుంచి పట్టుపురుగులు పెంచే గోపాలప్ప వెతుక్కుంటూ వచ్చాడు. ఆయన కూతురు సహన పోలీసుల చేతిలో ఉంది. ఈ సాయంత్రం జడ్జి ముందు పెడతారు. పెట్టాక జైలే. అంతలోపల నా బిడ్డను బయటికి తీసుకురాగలవా అమ్మా అని అడిగి, సమాధానం కోసం ఆగకుండా ఏడ్చి, వెళ్ళి స్టేషన్ అరుగు మీద కూర్చున్నాడు.

సహన మామ చెన్నకేశవ ఈ ఊళ్ళోనే రాబర్ట్‌సన్‌పేట బజారులో రాగులకూ కిరాణాకూ టోకు వ్యాపారి. కింద అంగడి, పైన ఇల్లు. మొన్న మధ్యాహ్నం అంగడి మూసి భోజనానికి పైకి వెళ్ళాడు. తన సొంత రివాల్వర్ గుండు తగిలి, తన సొంత గదిలో చచ్చిపోయాడు. రివాల్వర్ మీద సహన వేలిముద్రలు. అంతకు ముందురోజు మామా కోడలూ అరుచుకున్నారని అంగడి మనుషులందరూ సాక్ష్యం. కేసు అంత నున్నగా ఉంది, జారిపడేంత.

దారిలో స్టేషన్‌కు వెళ్ళి నేత్రావతి సహనను పలకరించింది. సహన గోడవైపు తిరిగి కూర్చుంది. ఎవరు, ఎందుకు, ఎట్లా అని ఎన్ని రకాలుగా అడిగినా నోరు విప్పలేదు. లేచి వచ్చేస్తుంటే మాత్రం ఒక్క మాట అంది.

"మా అత్తకు గుండె మాత్ర వేసుకునేది గుర్తు చెయ్యండి. మర్చిపోతుంది."

చెన్నకేశవ ఇంటి మెట్ల దగ్గర ఇన్‌స్పెక్టర్ మునిశంకర్ కాచుకుని ఉన్నాడు. నేత్రావతి దగ్గర తుపాకి పట్టడం నేర్చుకున్న ఒక పైఅధికారి ఫోన్ చేసి, ఆమె అడిగినవి చూపించమన్నాడు. మునిశంకర్ కూడా ఆమె దగ్గరే నేర్చుకున్నాడు. నేర్చుకోలేకపోయాడు అనాలి. ఆ సంగతి ఇద్దరూ మర్చిపోలేదు.

"ఏం మేడం, నడిచి వచ్చినారు? డిటెక్టివ్ కంపెనీలో బండి ఇయ్యలేదా?"

"బండి ఉండాదప్పా. దోవే లేదు."

"చూసేది చూసి పోండి. ఏమన్నా ముట్టినారంటే మీ పేరు కూడా రాసేస్తా."

"రాయి. తూటా ఏ పక్క నుంచి వేసేదో నీకు నేర్పించేకి నాలుగు దినాలు పట్టింది. నా పేరు రాసేకి ఎన్ని దినాలు పడతాదో చూస్తాము."

వెనకున్న కానిస్టేబుల్ గోడ మీద లేని క్యాలెండర్‌ను శ్రద్ధగా చూడడం మొదలుపెట్టాడు.

చచ్చినాయన కొడుకు, సహన మొగుడు చేతన్ నడిమింట్లో ఉన్నాడు. హత్య జరిగినప్పుడు గౌనిపల్లిలో రాగులు తూకం వేయిస్తున్నానని ముందే చెప్పేశాడు. నేత్రావతి కూర్చోబోతే, సోఫా మీద కాదు, కుర్చీలో కూర్చోండి అన్నాడు. సోఫాకు కొన్ననాటి ప్లాస్టిక్ తొడుగు ఇంకా అట్లాగే ఉంది. టీవీ రిమోటుకు తొడుగు. ఫ్రిజ్జు పిడికి తువ్వాలు. గోడకు అద్దాల షోకేసు, దాంట్లో పూల అంచు డిన్నర్ సెట్టు, దానికి తాళం.

తండ్రికి తుపాకి ఎందుకని అడిగితే, దొంగల భయం అన్నాడు చేతన్. ఐదేళ్ళ కింద పక్క వీధిలో నగల అంగడివాణ్ణి కొట్టి దోచుకున్నప్పటి నుంచి ఆయనకు నిద్ర లేదు. లైసెన్సు తెచ్చుకున్నాడు. లుంగీ మడతలో ఇమిడే చిన్న రివాల్వర్ కొన్నాడు. కొన్నాక అసలు కష్టం మొదలైంది. దాంట్లో ఏ తూటా వెయ్యాలి?

చేతన్‌కు పిల్లను చూసేటప్పుడు కూడా చెన్నకేశవ అంతమందిని అడగలేదట. మందుల షాపువాణ్ణి అడిగాడు. ఇన్సూరెన్సు ఏజెంటును అడిగాడు. కురుడుమలె గణపతి గుడిలో పూవు పెట్టి అడిగాడు. సాదా సీసం గుండు చాలు అన్నాడు ఒకడు. ముక్కు గుల్లగా ఉండే ఫారిన్ తూటా అయితే దొంగ అక్కడే పడిపోతాడు అన్నాడు, జన్మలో దొంగను చూడని ఇంకొకడు. నాలుగు నెలలు ఇంట్లో భోజనం దగ్గర ఇదే చర్చ. పప్పు వడ్డిస్తుంటే కూడా తూటాల మాటే.

"కడాకు ఏది కొన్నాడు?" అంది నేత్రావతి.

"రెండూ కొన్నాడు. సాదావి తుపాకిలో వేసినాడు. ఫారిన్‌వి దాచి పెట్టినాడు."

"దాచేది యాల?"

"మంచివి గదా," అన్నాడు చేతన్, ఈ మాత్రం తెలియదా అన్నట్టు. "సుమ్నే, ఊరికే వాడేస్తే అయిపోతాయి."

ఎక్కడ దాచాడో తనకు తెలియదన్నాడు. ఇంట్లో మంచి వస్తువులన్నీ నాయనా అమ్మే చూసుకుంటారు. ఆ షోకేసు తాళంచెవి కూడా అమ్మ నడుముకే ఉంటుంది, సహనకు ఒక్కనాడూ ఇవ్వలేదు, ఆరేళ్ళ కాపురంలో సగం గలాటాలు ఆ చెవి గురించే. గోపాలప్ప మొదటిసారి అల్లుడింటికి వచ్చినప్పుడు కూడా ఆయనకు స్టీలు కంచమే. చెప్పి చెప్పి చేతన్‌కు బేజారు వచ్చినట్టుంది, లేచి కిందికి వెళ్ళిపోయాడు. పోతూ పోతూ, మా ఆవిడను విడిపించే కష్టంలో మా అంగడికి చెడ్డపేరు తేవద్దని హెచ్చరించాడు.

మునిశంకర్ ప్లాస్టిక్ కవర్లు తెచ్చి బల్ల మీద విసిరినట్టు పెట్టాడు. ఒక దాంట్లో చిన్న రివాల్వర్. ఇంకో దాంట్లో దాని చక్రంలో దొరికినవి. పేలని తూటాలు ఐదు, ఖాళీ గొట్టం ఒకటి.

నేత్రావతి భూతద్దం తీసింది. ఐదింటికీ బొట్లు ఉన్నాయి. ఎండిన గంధం, దాని మీద కుంకుమ. పోయిన వారమే ఆయుధపూజ. ఈ ప్రాంతంలో ఆ రోజు తక్కెడ దగ్గర నుంచి మోటార్ సైకిల్ దాకా అన్నిటికీ బొట్టు పెడతారు, తుపాకి ఉన్నవాళ్ళు తుపాకికీ పెడతారు. తూటాలకు కూడా ఒక్కొక్కదానికీ పసుపునీళ్ళతో స్నానం చేయించి, నూనె రాసి, బొట్టు పెట్టేంత భక్తి మాత్రం ఆమె ఇదే చూడడం. తూటా అడుగున నడిమధ్య ఒక చిన్న రాగి బిళ్ళ ఉంటుంది. దాని మీద సుత్తి పడితేనే తూటా పేలేది. ఆ బిళ్ళల చుట్టూ నూనె పేరుకుని, పచ్చగా చిలుము పట్టి ఉంది.

రెండింటి బిళ్ళల మీద లోతుగా సుత్తి దెబ్బ ఉంది. దెబ్బ పడింది, తూటా పేలలేదు.

ఖాళీ గొట్టం మాత్రం కొత్త ఇత్తడి చెంబులా మెరుస్తోంది. బొట్టు లేదు, నూనె లేదు. అడుగున ఉన్న అక్షరాలు వేరు.

ఆమె అక్కడి నుంచే తుపాకుల అంగడి మూర్తికి ఫోన్ చేసింది. మూర్తి చెన్నకేశవ పేరు వినగానే నిట్టూర్చాడు. ఆ మనిషికి పాఠం చెప్పినట్టు చెప్పానన్నాడు. చిన్న రివాల్వర్ గొట్టం వేలంత పొడుగు, గుండుకు పరుగందుకునే చోటుండదు. గుల్లముక్కు గుండు పెద్ద తుపాకిలో అయితే తగిలినచోట విచ్చుకుని లోపలే ఆగుతుంది, చిన్నదాంట్లో విచ్చుకోవడం దాని ఇష్టం. మరీ జోరైనవి వేస్తే చెయ్యి ఎగిరి రెండో గుండు సీలింగుకు పోతుంది. సాదా సీసం గుండేమో మనిషిని దాటిపోయి వెనకనున్నవాళ్ళను కూడా పలకరిస్తుంది. కాబట్టి ఏది కొన్నా కొన్ని కాల్చి చూడు, నీ చేతికి ఏది నిలుస్తుందో అదే పెట్టుకో, ఏడాదికోసారి మార్చు, నూనె మాత్రం తగలనియ్యకు అని చెప్పాడట. చెన్నకేశవ అంతా విని, తల ఊపి, డబ్బా మీది బొమ్మ బాగుందని ఫారిన్‌వి కొనుక్కుని పోయాడు. ఒక్కటీ కాల్చి చూడలేదు.

నేత్రావతి ఫోన్ పెట్టేసింది.

"శవంలో దొరికిన గుండు ఫోటో చూపించప్పా."

మునిశంకర్ ఇష్టం లేకుండా సెల్‌ఫోన్ తిప్పి పట్టుకున్నాడు. రాగి పూత ఉన్న గుండు. గుల్లముక్కు. అంచు కొంచెం విచ్చుకుని, ఇంక చాలు అన్నట్టు ఆగిపోయింది.

"చూసినావా? చక్రంలో ఉండేవి సాదా సీసం. పూజ చేసి చేసి వాటిని ఎప్పుడో చంపేసినారు. ముందు ఎవరో వీటితోనే గురిపెట్టి నొక్కినారు. పేలలేదు. అప్పుడు ఎవరో పోయి దాచిపెట్టిన మంచి తూటా తెచ్చి, పాతది ఒకటి తీసేసి, ఇది వేసి కాల్చినారు."

"అయితే?"

"అయితే ఏముంది? నువ్వు చెప్పేదేమి, గలాటాలో కోపం వచ్చి కోడలు చేతికందింది తీసి కాల్చింది అని. చేతికందింది పేలదు గదప్పా. ఇది నడిచిపోయి, తాళం తీసి, ఏరుకుని, మళ్ళా నడిచి వచ్చి చేసిన పని. ఆలోచించుకునేకి టైమ్ దొరికిన మనిషి చేసిన పని. సహనకు ఆ తూటాలు యాడ ఉండేదీ తెలీదు, తాళంచెవీ లేదు."

చెప్పి ఆమె భూతద్దం మడిచింది. బాగా చెప్పాననే అనుకుంది. మునిశంకర్ ఆ కవర్లను మళ్ళీ ఒక్కొక్కటే ఎత్తి చూశాడు. తర్వాత నవ్వాడు. ఆ నవ్వు ఆమెకు నచ్చలేదు.

"సరే మేడం. తూటాలు యాడ దాచినారో, దానికి చెయ్యి పోయేది ఎవరికో చూపించండి. సహన కాకపోతే ఈ పొద్దే వదిలేస్తా. నాకేం, ఆ పిల్ల మీద పగ లేదు. ఆ ఇంకో మనిషి ఎవరైనా సరే, ఆలోచించి చంపినట్లే రాస్తా. మీరు చెప్పిన మాటలే రాస్తా, ఒక్క మాటా మార్చను. జీపు దగ్గర ఉంటా, తొందరగా రండి."

అతను బూట్లు చప్పుడు చేసుకుంటూ దిగిపోయాడు.

వంటింట్లో చెన్నకేశవ భార్య విశాలమ్మ పొయ్యి ముందు నిలబడి ఉంది. పొయ్యి మీద ఏమీ లేదు. నేత్రావతి లోపలికి రాగానే చెంగు బిగించింది.

"ఏమమ్మా, నా కొంపలో ఏం వెతుకుతాండావు? మొగుడు పోయిన మూడోదినం ఆడది ఇంట్లోకి వచ్చి గిన్నెలు లెక్కపెట్టేది యాడన్నా ఉండాదా?"

నేత్రావతి గిన్నెల సంగతి ఎత్తలేదు. మాత్ర వేసుకున్నారా అని అడిగింది. సహన గుర్తు చెయ్యమంది అని చెప్పింది.

విశాలమ్మ చెయ్యి చెంగు మీదే ఆగిపోయింది. మాత్ర తీసి నోట్లో వేసుకుని, నీళ్ళు తాగకుండా మింగేసింది. మింగాక మునుపటి కన్నా కోపంగా చూసింది.

షోకేసు తెరవమని నేత్రావతి అడిగితే, దాంట్లో ప్లేట్లు తప్ప ఏం లేవు, అవి పెద్దవాళ్ళు ఎవరన్నా వస్తే తీసేవి అని జవాబు. పెళ్ళయిన ముప్పై ఆరేళ్ళలో అంత పెద్దవాళ్ళు ఎవరూ ఈ ఇంటికి రాలేదు. నేత్రావతి ఆయుధాగారంలో ఉన్నప్పుడు తాళాల గురించి ఒకటి నేర్చుకుంది. మనిషి ఏది వాడడానికి భయపడతాడో దాన్నే తాళం వేసి పెడతాడు. ఈ ఇంట్లో వాడడానికి భయపడే వస్తువులన్నీ ఒకేచోట ఉన్నాయి.

"నువ్వు తీస్తావా అమ్మా, లేదంటే ఇన్‌స్పెక్టర్‌ను పిలిచి అద్దం పగలగొట్టించేదా? ప్లేట్లకు నేను గ్యారంటీ ఇయ్యలేను."

ప్లేట్ల మాట పనిచేసింది. విశాలమ్మ నడుము దగ్గర నుంచి తాళంచెవుల గుత్తి తీసింది.

సూపు గిన్నె మూత ఎత్తితే అడుగున చిన్న అట్టపెట్టె. లోపల గుంటలు గుంటలుగా ఉన్న ప్లాస్టిక్ పళ్ళెంలో తూటాలు నిలబడి ఉన్నాయి. వరుసలు నిండుగా ఉన్నాయి. ఒక్క గుంట కూడా ఖాళీ లేదు. నేత్రావతి ఒక్క క్షణం తాను తప్పు లెక్క వేశానేమో అనుకుంది. తర్వాత మూలనున్న తూటా చూసింది. తక్కినవన్నీ గుల్లముక్కులతో మెరుస్తుంటే, అదొక్కటి సీసం ముక్కుతో, గంధం బొట్టుతో, పెళ్ళిభోజనం పంక్తిలో కూర్చున్న పేదచుట్టంలా ఉంది. తీసి తిప్పింది. అడుగున సుత్తి దెబ్బ.

"ఖాళీగా ఉంటే బాగుండదని పెట్టినాను," అంది విశాలమ్మ.

ఆ మాట తర్వాత ఆమె ఎన్నడూ కూర్చోని సోఫాలో కూర్చుంది. ప్లాస్టిక్ తొడుగు కిర్రుమంది.

చెప్పడం మొదలుపెట్టాక ఆమె ఎక్కడా ఆగలేదు. పురుగుపట్టిన రాగులు విసిరించి, పసిపిల్లల మాల్ట్ పేరుతో పొట్లాలు కట్టించడం చెన్నకేశవకు కొత్తగా పట్టుకున్న వ్యాపారం. సహన ముందురోజు దాని గురించే పోట్లాడింది. మొన్న మధ్యాహ్నం మామ ముందర నిలబడి, ఇంగ ఆఫీసర్లకు ఫోన్ చేస్తానంది. ఆయన లేచి ఒక చేత్తో ఆమె జడ పట్టుకున్నాడు, ఇంకో చేత్తో రివాల్వర్ తీసి నొక్కాడు. పేలలేదు. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ నొక్కాడు. తూటాలు అమ్మినవాణ్ణి తిట్టాడు.

"అప్పుడు నన్ను చూసి, మంచివి పట్టుకురా అన్నాడు. ముప్పై ఆరేండ్లలో ఈ ఇంట్లో మంచివి తియ్యమనింది అదే మొదలు."

నేత్రావతి పెట్టె మూత వేసింది.

"ఒకటి తెచ్చినాను. కండ్లద్దాలు లేకుండా ఆయనకు దగ్గర ఉండేది కనపడదు. జడ వదలకుండా, నువ్వే వెయ్యి అని తుపాకి నా చేతికిచ్చినాడు. ప్రతి ఆయుధపూజకూ తీసి, కడిగి, నూనె రాసి, బొట్టు పెట్టి మళ్ళా వేసేది నేనే గదా. వేసినాను. ఆయన చెయ్యి చాపినాడు. నేను ఇయ్యలేదు."

కింద ఎవరో రాగుల మూట దించిన చప్పుడైంది.

తర్వాత జరిగింది ఆమె ఇంకా చిన్న గొంతుతో చెప్పింది. సహన ఆమె చేతిలోంచి రివాల్వర్ లాక్కుని, కొంగుతో తుడిచి, తన చేత్తో గట్టిగా పట్టుకుని కింద పెట్టిందట. నాకేం కాదత్తా, వయసులో ఉండాను, లాయర్ విడిపిస్తాడు, నువ్వు ఆ గుండెతో లోపలికి పోతే పది దినాలు బతకవు అందట. నోరు విప్పనని తన తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకుందట. తాళంచెవి కోసం ఆరేళ్ళు కొట్టుకున్న అత్తాకోడళ్ళు ఒకరి కోసం ఒకరు జైలుకు పోవడానికి పోటీ పడడం నేత్రావతి తన సర్వీసులో చూడలేదు. చూసినవాళ్ళు ఉన్నారని వినలేదు కూడా.

చేతిలో పెట్టెను చూసుకుంది. ఇది ఇస్తే సహన సాయంత్రానికి ఇంటికి వస్తుంది. కానీ భర్త జడ పట్టుకున్నాడనీ, ముందు ఆయనే నొక్కాడనీ చెప్పడానికి ఉన్నది ఈ ఇద్దరు ఆడవాళ్ళే, కోడలి మాట అత్తకోసం, అత్త మాట కోడలికోసం అంటారు. ఆయన గది నుంచి షోకేసు దాకా నడిచిన ఆ నడకకు మాత్రం సాక్ష్యం పెట్టెలో నిలబడి ఉంది. ఆ నడక ఆలోచించుకుని చేసిన హత్యకు రుజువని ఇన్‌స్పెక్టర్‌కు కూర్చోబెట్టి నేర్పించింది తనే. అతను జీవితంలో మొదటిసారి ఆమె పాఠం ఒక్కసారికే నేర్చుకున్నాడు.

"ఆ పొద్దే పోయి చెప్పేస్తా ఉంటిని," అంది విశాలమ్మ. "ఒట్టు తప్పితే పిల్లకేమన్నా అవుతాదని భయం. తప్పకపోతే పిల్ల జైలుకు పోతాది. చదువుకున్నదానివి, నువ్వు చెప్పమ్మా. ఎట్ల చెప్తే అట్ల చేస్తా."

కింద జీపు స్టార్టయింది.

"మేడం, దొరికిందా?" మునిశంకర్ గొంతు మెట్ల కింద నుంచి వచ్చింది.

అయ్యా, అమ్మా, ఈ అధ్యాయం ఇక్కడిదాకా లాక్కొచ్చిన నాకు ఇక్కడి నుంచి దారి తోచడం లేదు. దొరికిందని నేత్రావతి చేత చెప్పించనా, లేదని చెప్పించనా? దొరికిందంటే, జడ పట్టుకున్న చేతిలోంచి కోడలిని కాపాడిన మనిషి మాత్రల డబ్బాతో సహా లోపలికి పోతుంది. లేదంటే స్టేషన్ అరుగు మీద కూర్చున్న గోపాలప్పకు ఏ మొహం పెట్టుకుని కనపడమంటారు? మునిశంకర్‌కు ఉన్నదంతా చెప్పేసి అతని మనసు మంచిదని నమ్ముదామా? మీలో వకీళ్ళు ఉంటే చెప్పండి. వకీళ్ళు కాకపోయినా, ఇంట్లో అత్తలుంటే అత్తలనూ, కోడళ్ళుంటే కోడళ్ళనూ అడిగి చెప్పండి. ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి మాత్రం అడక్కండి. ఏదైనా సరే, దండం పెడతాను, తొందరగా చెప్పండి. బూట్ల చప్పుడు సగం మెట్లు దాటింది, విశాలమ్మ లేచి నిలబడింది.